నల్లగుడ్డ కింద నుంచి లేచిన ఇర్మా

అనగా అనగా, మీ తాతల తాతలు ఇంకా ఏ తల్లి కడుపునా పడని కాలం. మన సముద్రం దాటి, ఇంకో సముద్రం దాటి, ఎండ అంటే ఏమిటో సరిగా తెలియని దేశం. ఆ దేశంలో ఒక కొండ. కొండ మీద ఒక మఠం. కొండ కింద ఒక ఊరు. మఠంలో కన్యాస్త్రీలు, ఊళ్ళో గొర్రెల కాపర్లు, మధ్యలో ఒక వాగు. ఊఁ కొట్టండి మరి. వినేవాళ్ళు ఊఁ కొట్టకపోతే చెప్పేవాళ్ళకి నోరు రాదు. ముందే చెబుతున్నా, ఇది నవ్వించే కథ కాదు. చివరికి అందరూ బాగుంటారేమో అని ఎదురుచూడకండి.

ఆ మఠంలో ఒక నల్లగుడ్డ ఉండేది. శవపేటిక మీద కప్పే గుడ్డ అది. ఏ పిల్లైనా కన్యాస్త్రీగా దేవుడికి మాటిచ్చే రోజున, గుడి నట్టనడుమ రాతి నేల మీద బోర్లా పడుకోబెట్టి ఆ గుడ్డ కప్పేవాళ్ళు. నాలుగు మూలలా కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళు. చావుగంట కొట్టేవాళ్ళు. పునీతుల్ని, అంటే దేవుడిలో కలిసిన పుణ్యాత్ముల్ని, ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలిచి, ‘మా కొరకు ప్రార్థించండి’ అని పాడేవాళ్ళు. ఆఖరి పునీతుడి పేరు అయిపోయేసరికి ఆ పిల్ల లోకానికి చచ్చిపోయినట్టు లెక్క. గుడ్డ తీశాక లేచేది దేవుడి మనిషి. ఇక ఆ మనిషి మఠం గడప దాటకూడదు. తల్లి చచ్చినా దాటకూడదు, ఇల్లు తగలబడినా దాటకూడదు.

గుడ్డ కింద పడుకున్నవాళ్ళని పాటలమ్మలు అనేవాళ్ళు. వాళ్ళు గుళ్ళో నిలబడి లతీను భాషలో కీర్తనలు పాడతారు. పడుకోనివాళ్ళు పనమ్మలు. వాళ్ళు కట్టెలు కొడతారు, మేకల పాలు పితుకుతారు, పాటలమ్మల బట్టలు ఉతుకుతారు. పాటలమ్మ చచ్చిపోతే గుడి నేల కిందే పాతిపెట్టి, రోజూ సాయంత్రం ప్రార్థనలో ఆమె పేరు పలికేవాళ్ళు. పనమ్మ చచ్చిపోతే గోడ అవతల పాతేవాళ్ళు. ఆమె పేరు ఎవరూ పలకరు. దేవుడి ఇంట్లో కూడా పంక్తిభేదం ఉందా అని నన్ను అడక్కండి. దేవుడి ఇంట్లో ఉండేది మనుషులే కదా.

ఇర్మా పనమ్మ. బట్టలు ఉతికే పనమ్మ.

ఆమె పసిదిగా ఉన్నప్పుడు పెద్ద కరువొచ్చింది. వాళ్ళమ్మ ఆమెని కొండెక్కించి మఠం గడప మీద కూర్చోబెట్టింది. “ఇక్కడే ఉండు తల్లీ. నేను మళ్ళీ వచ్చి పిలుస్తా. పిలవగానే పలుకు” అంది. దిగి వెళ్ళిపోయింది. ఇర్మా గడప మీదే కూర్చుంది. పొద్దు వాలింది. ఎవరూ పిలవలేదు. గడియ దగ్గర కాపలా ఉండే కన్యాస్త్రీ ఆమెని లోపలికి తీసుకుపోయి పాలు పట్టింది. ఆ కన్యాస్త్రీ అసలు పేరుకి నాకే నోరు తిరగదు, మనం గడియమ్మ అని పిలుచుకుందాం. ఏళ్ళు గడిచాయి. ఇర్మా పెద్దదైంది. ఎవరూ పిలవలేదు.

అందుకే ఇర్మాకి బతుకంతా ఒకటే కోరిక. నల్లగుడ్డ కింద పడుకోవాలి. పాటలమ్మ కావాలి. తాను పోయాక అయినా సరే, రోజుకి ఒక్కసారి, ఎవరో ఒకరు తన పేరు పెట్టి పిలవాలి. ఇంకేం అక్కర్లేదు ఆమెకి.

ఒకరోజు మఠాన్ని ఏలే పెద్దమ్మగారు అడెలా ముందు మోకరించి అడిగింది.

“అమ్మగారూ, నన్ను గుడ్డ కింద పడుకోబెట్టండి.”

“నీకు కీర్తనలు రావు కదే. ఓర్చుకో ఇర్మా, దేవుడి గడియ ఇంకా రాలేదు.”

ఇర్మా లేచింది, దండం పెట్టింది, వాగుకి పోయింది. బండ మీద బట్టలు ఉతుకుతూ, పైన గుడి కిటికీలోంచి వినపడే పాటని చెవిన పట్టింది. బట్టని ఒక దెబ్బ వేసి ఒక మాట, ఇంకో దెబ్బ వేసి ఇంకో మాట. ఏళ్ళ తరబడి అలా ఉతికి ఉతికి కీర్తనలన్నీ నోటికి తెచ్చుకుంది. మళ్ళీ వెళ్ళి మోకరించింది.

“అమ్మగారూ, కీర్తనలు వచ్చాయి. నన్ను గుడ్డ కింద పడుకోబెట్టండి.”

“నువ్వు పాటకొస్తే బట్టలెవరు ఉతుకుతారు? ఓర్చుకో ఇర్మా, దేవుడి గడియ ఇంకా రాలేదు.”

ఇర్మా లేచింది, దండం పెట్టింది, వాగుకి పోయింది. కొత్తగా వచ్చిన పనమ్మని పక్కన కూర్చోబెట్టుకుని బూడిదనీళ్ళు ఎలా కాచాలో, ఉన్నిబట్ట పాడవకుండా ఎలా పిండాలో నేర్పింది. ఆ పిల్ల చేతికి పని వచ్చేసరికి ఇర్మా తలలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. చలికీ, బూడిదనీళ్ళకీ చేతులు పగిలి, ఆ పగుళ్ళు ఎండాకాలం కూడా మానేవి కావు. మూడోసారి వెళ్ళి మోకరించింది.

“అమ్మగారూ, ఉతికే మనిషి కూడా వచ్చింది.”

“ఓర్చుకో ఇర్మా...” అని పెద్దమ్మగారు మొదలుపెట్టింది. ఈసారి కారణం కూడా చెప్పలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అది ఊరికే అనలేదు.

ఇర్మా లేచింది, దండం పెట్టింది, వాగుకి పోయింది.

ఆ ఏడు మంచు కరగకముందే కింద ఊళ్ళోకి మహమ్మారి దిగింది. చంకలో గడ్డ లేస్తుంది. ఒళ్ళు నిప్పులా కాలుతుంది. నాలుక నల్లబడుతుంది. పొద్దున గొర్రెలు తోలుకెళ్ళినవాడు సాయంత్రానికి లేడు. మొదట ఇంటికొకరు పోయారు. తర్వాత ఇళ్ళకి ఇళ్ళే పోయాయి. పాతిపెట్టేవాళ్ళు లేక కుక్కలు ఊళ్ళోకి వచ్చాయి.

అంతకుముందు ప్రతి శుక్రవారం పనమ్మలు ఊళ్ళోకి రొట్టెలు తీసుకెళ్ళేవాళ్ళు. అది ఆ మఠం పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆచారం. పెద్దమ్మగారు అది ఆపేసింది. “గడియ వెయ్యండి. మహమ్మారి పోయేదాకా ఎవరూ పోవద్దు, ఎవరూ రావద్దు” అంది. గడియమ్మ గడియ వేసింది.

ఆ రాత్రి పెద్దమ్మగారికి నిద్ర పట్టలేదు. దేవుడికి ఒక కొత్త ప్రాణాన్ని అప్పగిస్తే మహమ్మారి ఈ గోడ దాటదేమో అనిపించింది. పొద్దున్నే ఇర్మాని పిలిచింది.

“నీ గడియ వచ్చింది ఇర్మా. ఆదివారం గుడ్డ కింద పడుకుందువు గాని.”

ఇన్నేళ్ళూ రాని దేవుడి గడియ మహమ్మారి వెనకాలే పరుగెత్తుకొచ్చింది చూశారా. కానీ ఇర్మా అలా అనుకోలేదు. ఆమె పెద్దమ్మగారి కాళ్ళ మీద పడి, పగిలిన చేతులతో ఆ పాదాలు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆదివారం వచ్చింది. మామూలుగా పూజ చేయించే గురువు వచ్చి జరిపించాలి. ఆయన మహమ్మారి పేరు వినగానే గాడిదనెక్కి ఎటో పోయాడు. పెద్దమ్మగారే జరిపిస్తానంది. ఇర్మా గుడి నడుమ బోర్లా పడుకుంది. నల్లగుడ్డ మీద పడింది. ఆ గుడ్డని ఎన్నోసార్లు ఆమే ఉతికింది, ఆమే ఆరేసింది. దాని బరువు చేతులకి తెలుసు గాని వీపుకి తెలియడం అదే మొదలు. ఆ బరువు కింద ఇర్మా ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడ్చింది.

చావుగంట మోగింది. పాట మొదలైంది.

“పునీత మరియమ్మా!”

“మా కొరకు ప్రార్థించండి!”

“పునీత పేతురూ!”

“మా కొరకు ప్రార్థించండి!”

అప్పుడు గడియ అవతల నుంచి ఒక గొంతు వినిపించింది. “అమ్మా! ఎవరైనా ఉన్నారా?”

అది కింద ఊరి హెడ్డా. ముసల్ది. ఊరు మొత్తం మంచాన పడితే ఆమె ఒక్కతే కాళ్ళ మీద ఉంది. కర్ర పట్టుకుని కొండెక్కి వచ్చింది. పాటలమ్మలు ఒక్క క్షణం తడబడ్డారు. పెద్దమ్మగారు చెయ్యెత్తి సైగ చేసింది. అందరూ గొంతు పెంచారు.

“అమ్మా! ఎవరైనా ఉన్నారా? దాహంతో పోతున్నారమ్మా. వాగు పక్కనే ఉంది, నీళ్ళు తెచ్చి నోట్లో పోసే చెయ్యి లేదమ్మా.”

పాటలమ్మలు ఇంకా గొంతు పెంచారు. పునీతుల పేర్లు గుడి కప్పుకి తగిలి మోగాయి.

“ఎవరైనా ఉన్నారా?” అని మూడోసారి వినిపించింది. ఈసారి అరుపు కాదు. ఎవరూ లేరని తెలిసిపోయాక మనలో మనం అనుకుంటామే, అలా అంది హెడ్డా.

గుడ్డ కింద ఇర్మా వింటూనే ఉంది. ఇంకొంతమంది పునీతులు మిగిలారు. కాసేపు కదలకుండా పడుకుంటే చాలు, బతుకంతా కోరుకున్నది దక్కుతుంది. పడుకుంటే మాత్రం ఇక గడప దాటే వీలుండదు, ఆ గొంతుకి ఎప్పటికీ పలికే వీలుండదు. చిన్నప్పుడు గడప మీద కూర్చుని ఎదురుచూసిన ఆ సాయంత్రం ఆమెకి గుర్తొచ్చింది. పళ్ళు బిగించి ఇంకో ఇద్దరు పునీతుల దాకా ఓర్చుకుంది. ఆ తర్వాత ఆమె వల్ల కాలేదు.

ఇర్మా లేచింది. గుడ్డ జారి నేల మీద పడింది.

పాట ఆగిపోయింది. ఒక పాటలమ్మ కెవ్వున అరిచింది. ఎందుకంటే వాళ్ళకో గట్టి నమ్మకం. గుడ్డ కింద నుంచి మధ్యలో లేచిన మనిషి బతికున్నదీ కాదు, చచ్చిందీ కాదు. అలాంటి మనిషి ఉన్న ఇంట్లోకి చావు సొంతిల్లులా వస్తుంది.

“పడుకో!” అంది పెద్దమ్మగారు. “పునీతుల్ని పిలవడం ఇంకా అవలేదు. పడుకో ఇర్మా.”

“పునీతుల్ని మనం పిలుస్తున్నాం కదమ్మగారూ. మరి మనల్ని పిలిచేవాళ్ళకి ఎవరు పలుకుతారు?”

“ఇప్పుడు గడప దాటితే మళ్ళీ రాలేవు. నీ పేరు ఈ గుళ్ళో ఎవరూ పలకరు. ఆలోచించుకో.”

ఇర్మా నిలబడి నేల మీది గుడ్డ వంక చూసింది. వంగి దాన్ని తీసి, ఉతికిన బట్టని మడిచినట్టే పద్ధతిగా మడిచి, పెద్దమ్మగారి చేతిలో పెట్టింది. దండం పెట్టింది. వెళ్ళిపోయింది. గడియమ్మ ఏడుస్తూ గడియ తీసింది, ఏడుస్తూ మళ్ళీ వేసింది.

“ఒక్కదానివేనా?” అని అడిగింది హెడ్డా.

“ఒక్కదాన్నే అవ్వా. పద.”

మొదటి ఇంట్లో నీళ్ళు తాగేవాళ్ళే లేరు. తండ్రి, తల్లి, మధ్యలో పిల్లవాడు. ముగ్గురూ ఒకే దుప్పటి కింద చల్లబడి ఉన్నారు. ఇర్మా గొయ్యి తవ్వింది. నేల గడ్డకట్టి ఉంది, గుద్దలి దిగలేదు. మంట వేసి నేలని వేడిచేసి తవ్వింది. పూడ్చేముందు “వీళ్ళ పేర్లేంటి అవ్వా?” అని అడిగింది. హెడ్డా చెప్పింది. ఇర్మా గోతి అంచున నిలబడి ముగ్గురినీ పేరుపేరునా పిలిచి, వాగుబండ మీద నేర్చుకున్న కీర్తన పాడి, మట్టి వేసింది.

రెండో ఇంట్లో బెర్తా అనే చిన్న వయసు ఇల్లాలు ఉంది. గొంతులో నీళ్ళు పడగానే కళ్ళు తెరిచింది.

“నీ పేరేంటమ్మా?”

“ఇర్మా.”

“ఇర్మమ్మా, నన్ను పేరుపెట్టి పిలుస్తూ ఉండు. కళ్ళు మూస్తే మళ్ళీ తెరవనేమోనని భయంగా ఉంది.”

ఇర్మా పక్కన కూర్చుని “బెర్తా, బెర్తా” అని పిలుస్తూనే ఉంది. బెర్తా కాసేపు “ఊఁ” అంది. తర్వాత వేళ్ళు కదిపింది. తర్వాత ఏమీ లేదు. ఇర్మా మాత్రం ఇంకా చాలాసేపు పిలుస్తూనే ఉండిపోయింది.

మూడో ఇంట్లో ఓట్టో అనే కాపరి. దున్నపోతు లాంటి మనిషి, జ్వరంలో గోడని గుద్దుతున్నాడు. ఇర్మా తడిగుడ్డ వేసింది, నీళ్ళు పోసింది, వాడి దెబ్బలు తిన్నది. వాడి చంకలో గడ్డ పగిలింది. వాడు బతికాడు.

అలా ఇల్లిల్లూ తిరిగింది ఇర్మా. బతికినవాళ్ళు తక్కువ. పోయినవాళ్ళే ఎక్కువ. పేరు అడక్కుండా మాత్రం ఎవర్నీ పూడ్చలేదు. పేరు చెప్పేవాళ్ళు ఎవరూ మిగలని చోట తనే ఒక పేరు పెట్టి పిలిచి పూడ్చింది.

ఒక మధ్యాహ్నం నీళ్ళ కుండ ఎత్తబోతే చెయ్యి పైకి లేవలేదు. చంకలో గడ్డ తగిలింది. ఇర్మాకి తెలిసిపోయింది. “ఎక్కడికే?” అని హెడ్డా అడ్డం పడింది. “పైకి వెళ్ళొస్తా అవ్వా. ఒక్క మాట అడగాలి” అంది. కర్ర పట్టుకుని, నాలుగడుగులకోసారి కూలబడుతూ కొండెక్కింది. సాయంత్రం ప్రార్థన వేళకి గడియ దగ్గరికి చేరింది. లోపల చనిపోయిన పాటలమ్మల పేర్లు పలుకుతున్నారు.

“అమ్మా! ఎవరైనా ఉన్నారా?” అంది ఇర్మా. “లోపలికి రానివ్వమని అడగను. ఆ పేర్ల చివర నా పేరు కూడా ఒక్కసారి అనండి. ఇక్కడి నుంచే వింటాను.”

లోపల గొంతులు పెరిగాయి.

“ఎవరైనా ఉన్నారా?”

గొంతులు ఇంకా పెరిగాయి. గడియమ్మ తలుపుకి లోపలి వైపే నిలబడి ఉంది. చెయ్యి గడియ మీదే ఉంది. ఆ గొంతు ఎవరిదో ఆమెకి తెలుసు. చిన్నప్పుడు పాలు పట్టిన పిల్ల గొంతు. నోరు తెరిస్తే మహమ్మారి లోపలికి వస్తుందని భయం. ఊపిరి బిగబట్టి నిలబడింది గాని పలకలేదు.

“ఎవరైనా...” అని సగంలో ఆగింది మూడో పిలుపు.

తెల్లారి గడియ సందులోంచి చూస్తే, చిన్నప్పుడు వాళ్ళమ్మ కూర్చోబెట్టిన ఆ గడప మీదే ఇర్మా ఒరిగి ఉంది. మంచు కప్పేసింది. హెడ్డా, ఓట్టో వచ్చి గడప ఎదురుగానే గొయ్యి తవ్వి పూడ్చారు. హెడ్డా ఒక్కతే గట్టిగా “ఇర్మా!” అని పిలిచి మట్టి వేసింది. మఠం నుంచి ఎవరూ రాలేదు.

నాకు ఆ మఠం వాళ్ళ మీద కోపం ఉంది, దాచుకోను. కానీ భయం ఎంత పని చేయిస్తుందో మనకి తెలియనిదా?

మహమ్మారికి గడియలు అడ్డమా చెప్పండి. ఎలుకలకి గోడలు అడ్డమా? వారం తిరక్కుండా మఠంలోకి వచ్చింది. ముందు వంటింట్లో ఒకరు. తర్వాత పాటలమ్మల్లో ఇద్దరు. తర్వాత పాట పాడేవాళ్ళే లేరు. పెద్దమ్మగారు కూడా పడింది. నాలుక నల్లబడింది. కాళ్ళ మీద ఉన్నది గడియమ్మ ఒక్కతే, ఆమె కూడా అంతంతమాత్రం. అంతమందికి ఆమె ఏం చేయగలదు? గోడెక్కి కింద ఊరి వైపు తిరిగి అరిచింది.

“ఎవరైనా ఉన్నారా?”

ఒక్కసారే అరిచింది. రెండోసారి అరవడానికి సిగ్గేసింది.

కొండ దారిలో మనుషులు కనిపించారు. ముందు హెడ్డా, వెనక కుండలు మోస్తూ ఓట్టో, వాడి వెనక ఇర్మా చేతి నీళ్ళు తాగి బతికిన ఆ కొద్దిమంది. లోపలికి వచ్చారు. ఒక్కొక్కరి దగ్గర కూర్చుని నీళ్ళు పోశారు. హెడ్డా పెద్దమ్మగారి తల ఒళ్ళో పెట్టుకుంది. రెండు గుటకలు దిగాక పెద్దమ్మగారు కళ్ళు తెరిచి ఆమెని గుర్తుపట్టింది.

“నువ్వు పిలిచినప్పుడు మేం పాట పెంచాం. మరి నువ్వెందుకొచ్చావు?”

“పిలిచారు కదమ్మా” అంది హెడ్డా. “మాకు పాటలు రావు.”

పెద్దమ్మగారు ముఖం గోడకి తిప్పుకుంది. “ఇర్మా పేరు పలకండి” అంది. ఆ సాయంత్రానికి పోయింది.

బతికి బయటపడ్డ కన్యాస్త్రీలు కొద్దిమంది. ఆ రోజు లేచి పేర్లు పలికే ఓపిక ఇంకెవరికీ లేక గడియమ్మే పలికింది. పాత పేర్లన్నీ అయ్యాయి. పెద్దమ్మగారి పేరూ అయింది. ఆఖరికి “ఇర్మా” అంది. పేరు తర్వాత ‘ప్రభువా, వీరికి విశ్రాంతినివ్వండి’ అనడం వాళ్ళ పద్ధతి. గడియమ్మకి ఆ మాట నోట రాలేదు. పరుగెత్తుకెళ్ళి గడియ తీసి, గడప ఎదుట ఉన్న మట్టికుప్ప మీద పడి, “ఉన్నానే తల్లీ! ఉన్నాను! ఇక్కడే ఉన్నాను!” అని గుండెలు బాదుకుంది. చచ్చాక పలికితే ఎవరికి వినపడుతుంది? అయినా ఆ ముసల్ది బతికున్నంత కాలం ప్రతి సాయంత్రం అలాగే పలికింది.

అప్పటి నుంచి ఆ మఠంలో పనమ్మలూ లేరు, పాటలమ్మలూ లేరు. అందరూ ఉతుకుతారు, అందరూ పాడతారు. గుడ్డ కింద ఎవరినైనా పడుకోబెట్టినప్పుడు, పునీతుల పాట సగంలో ఆపుతారు. గడియ తీస్తారు. అందరూ చెవులు రిక్కించి వింటారు. బయట ఎవరూ పిలవడం లేదని రూఢి అయ్యాకే మిగతా పునీతుల్ని పిలుస్తారు. ఒక్కోసారి ఎవరో పిలుస్తారట. అప్పుడు గుడ్డ కింది పిల్ల లేచి వెళ్తుంది. తిరిగొచ్చేదాకా పాట అక్కడే ఆగి ఉంటుంది. కొందరు తిరిగి రారు.

కింద ఊళ్ళో ఆచారం ఇంకొకటి. ఎవరైనా తలుపు తడితే మనం “ఎవరది?” అని అడుగుతాం కదా. అక్కడ అడగరు. దొంగైనా, రోగైనా, దారి తప్పినవాడైనా సరే, ముందు లోపల ఉన్నవాళ్ళంతా “ఉన్నాం!” అని పలుకుతారు. గడియ తీశాకే ఎవరని చూస్తారు. మాటలు రాని పసిపిల్లలకి అమ్మా నాన్నా కన్నా ముందు నేర్పేది ఆ మాటేనట.

ఇంతే ఇర్మా కథ. కథ కొండ మీదే ఉండిపోయింది, మనమే దిగి వచ్చాం. ఇక లేవండి. వీధిలో ఎవరో పిలుస్తున్నారు.